రెండు వేళ్ల సందు

గుట్కా వాసన ఎక్కడ తగిలినా నాకు మా బావే గుర్తొస్తాడు. దుబాయిలో కొత్త బండ్లు తోలి వచ్చానన్న గొప్ప ఆయనది. అక్కతో కలిసి మా ఇంట్లోనే ఉంటూ, మా బాపు పాత లారీని చూసి మూతి విరిచేవాడు.

ఆ లారీ క్లచ్ పెడల్ తొక్కితే మొదట రెండు వేళ్ల మేర ఊరికే దిగాలి, తర్వాతే బరువు తగలాలి. ఆ సందు లేకపోతే కాలు తీసినా క్లచ్ ప్లేటు పూర్తిగా పట్టుకోదు, జారి జారి కాలిపోతుంది. బావకు అది ఉత్త లూజుగా కనిపించింది. జైనూర్ నుంచి భైంసాకు పత్తి లోడు పోయే పొద్దున, నేను వద్దంటున్నా లారీ కిందికి దూరి క్లచ్ రాడ్డు నట్టు బిగించి ఆ సందు లేకుండా చేశాడు.

"దుబాయిల గింత లూజు బండిని ఎవ్వడు ముట్టడు" అని బయటికొచ్చి గుట్కా ఉమ్మేశాడు. నా చెప్పుల మీద పడింది. చూసి కూడా చూడనట్టు స్టీరింగు ఎక్కాడు.

క్లీనరుగా నేను మధ్యలో కూర్చున్నాను. బాసర చూసి వద్దామని అక్క కూడా ఎక్కింది, తలుపు వైపు కూర్చుంది. దారిలో ఘాట్ రోడ్డు సగం ఎక్కాక ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలదు. వెంట్రుకలు కాలినట్టు కంపు. బ్రేకులు అంతంతమాత్రం, లోడుతో బండి వెనక్కి జారడం మొదలైంది. ఆ మనిషి ఇంకా రేసు ఇస్తూనే ఉన్నాడు. అక్క దూకి, పక్కనున్న బండరాయిని దొర్లించి వెనక చక్రానికి అడ్డం పెట్టింది. బండి ఆగింది. ఆమె వేళ్లు చీరుకుపోయాయి.

నేను కిందికి దూరి నట్టు వదులు చేశాను. ప్లేటు చల్లారాక లారీ మెల్లగా గుట్ట ఎక్కింది.

భైంసాలో పత్తి దింపుతుంటే ఆలస్యం ఎందుకైందని నలుగురూ అడిగారు. బావ నట్టు మాటే ఎత్తలేదు. అక్క వైపు చెయ్యి చూపించాడు.

"దీని పాదం మంచిది గాదు. ఎక్కింది, బండి ఆగింది."

నేను జరిగింది చెప్పాను. ఒక్కడూ చెవిన పెట్టలేదు. పైగా ఒకాయన, నిమ్మకాయలు తొక్కించారా అని నన్నే అడిగాడు. వాళ్ల మొహాలు చూడాలంటేనే రోత పుట్టింది. అక్క గుడ్డపేలిక చుట్టిన వేళ్లను కొంగులో దాచుకుంది.

మరుసటి లోడుకు లారీ వాకిట్లో సిద్ధంగా ఉంది. బాపు ఎప్పటిలాగే అక్కను ఎదురు రమ్మని పిలిచాడు. ఆమె వంటింట్లోంచి కదలలేదు.

"నేనొద్దు బాపూ. బండి మంచిగ పోనియ్యి."