స్టే వైరు విప్పిన కల్లం

2021 వేసవి. అప్పుడు నేను చండ్రుగొండ దగ్గర లైన్‌మన్‌ని. అడవి అంచున చేలు, పామాయిల్ తోటలు, వాటి మధ్య నుంచి పోయే కరెంటు లైన్లు నేను చూసుకోవాలి. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచిందంటే స్తంభాలు వరసగా పడిపోతాయి.

వెంకట్రావు గారి కుటుంబం కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూమి కొనుక్కుని స్థిరపడింది. వాళ్ల కల్లం పక్కన లైను మలుపు తిరుగుతుంది. మలుపులో ఉన్న స్తంభాన్ని తీగలు ఒకవైపుకే లాగుతుంటాయి. అది ఒరగకుండా రెండోవైపు, పైనుంచి నేలలోకి ఏటవాలుగా ఇనుప తీగ బిగిస్తాం. దాన్నే స్టే వైరు అంటాం.

ఒక మధ్యాహ్నం ఆయన నన్ను పిలిపించారు.

"రత్నం, ఈ స్టే అడ్డమొచ్చి ట్రాక్టరు తిరగట్లేదయ్యా. నిన్న ట్రాలీ తగులుకుంది. తీసెయ్యరాదూ?"

నాతో వచ్చిన భద్రు మా సెక్షన్‌లో అందరికంటే పాతవాడు. "వద్దు సార్. గాలొస్తే పోలు ఒరుగుతది" అన్నాడు.

ఆ సంగతి నాకూ తెలుసు. కానీ వెంకట్రావు గారు మంచి మనిషి. లైను తెగితే అడగకుండానే మనుషుల్ని సాయం పంపేవారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. "ఇప్పుడు విప్పుదాం. వారంలో లోపలివైపు స్ట్రట్ పెడదాం" అన్నాను. స్ట్రట్ అంటే ఊతంగా వాల్చి నిలబెట్టే మరో స్తంభం.

మజ్జిగ తెచ్చిన ఆయన భార్య సుశీలమ్మ ఆ మాట విన్నది. "తీస్తే మా మీద పడదు కదా, రత్నం?"

"ఏం గాదమ్మా, నేను లేనా?" అన్నాను. ఆమె నవ్వి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రమే స్టే విప్పేశాను.

స్ట్రట్ కోసం అడిగిన స్తంభం వచ్చింది కానీ వేరే ఊరికి అవసరమై అటు పోయింది. నేను మళ్లీ గట్టిగా అడగలేదు. అటు వెళ్లినప్పుడల్లా ఆ స్తంభం నిటారుగానే కనిపించేది.

మే నెలలో ఒక ఆదివారం, సాయంత్రం ప్రార్థన ముగిసి చర్చి నుంచి బయటికి వస్తుంటే గాలి లేచింది. ఇళ్ల మీది రేకులు ఎగిరిపోయాయి. వెనకే వాన. అది తగ్గుతుండగా భద్రు ఫోన్ చేశాడు.

"జల్దీ రా రత్నం. వెంకట్రావు సార్ కల్లంల పోలు పడ్డది. అమ్మ..."

వడ్ల రాశి మీద పట్టా లేచిపోతుంటే పట్టుకోవడానికి సుశీలమ్మ పరుగెత్తిందట. తెగిన తీగ తడి గడ్డిలో కనబడక దాని మీదే కాలు వేసింది. ఫ్యూజు పోలేదు, తీగలో కరెంటు అలాగే ఉంది. నేను చేరేసరికి భద్రు సప్లై ఆపేశాడు. ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. వెంకట్రావు గారు ఆమె పాదాలు రుద్దుతున్నారు.

"దవాఖానాకు తీస్కపోదాం సార్" అన్నాను.

"చల్లబడిపోయింది రత్నం" అన్నారు ఆయన, రుద్దడం ఆపకుండానే.

మర్నాడు అధికారులు వచ్చారు. గాలివాన వల్ల ప్రమాదమని రాయబోతుంటే, స్టే నేనే విప్పానని చెప్పాను. వెంకట్రావు గారి దగ్గరికి వెళ్లి, "తప్పు నాది సార్" అన్నాను.

"అడిగింది నేను కదయ్యా" అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మూడో రోజు కొత్త స్తంభం నిలబెట్టాం. నా సస్పెన్షన్ కాగితం ఇంకా రాలేదు. స్టే కోసం గుంట తవ్వుతుంటే వెంకట్రావు గారు వచ్చి భద్రు చేతిలోని గడ్డపార తీసుకున్నారు. కావలసినంత లోతు వచ్చింది. "చాలు సార్" అన్నాడు భద్రు. ఆయన వినలేదు, తవ్వుతూనే ఉన్నారు. ఆపడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.

కొన్ని నెలలకు మళ్లీ డ్యూటీలో చేరాను. స్టే వైరుతో ఏడాదిలో పని పడేది కొద్ది నిమిషాలే. మిగతా రోజులన్నీ అది అడ్డంగానే కనిపిస్తుంది. తీసెయ్యమని అడిగేవాళ్లది తప్పు కాదు. ఆ కొద్ది నిమిషాల్ని వాళ్ల తరఫున గుర్తుపెట్టుకోవడమే మా ఉద్యోగం. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ స్తంభం దగ్గరే కూర్చోబెట్టి, గాలికి ఏమవుతుందో వివరంగా చెబుతాను. సుశీలమ్మకు కూడా ఆ రోజు అలాగే చెప్పి ఉండాల్సింది.