ముందు డ్రైవర్‌ను కాపాడు

ట్రాఫిక్ జవానుగా చేరిన కొత్తలో నన్ను అందరికంటే ఎక్కువ కొట్టించినవాడు మా జమేదార్. రోడ్డు మీద బండ్లు గుద్దుకుంటే ఏం చేయాలో నేర్పడం ఆయన పని. మైదానంలో పాత టాంగా ఒకటి బోర్లా పడేసి, దాని కింద ఒక జవానును పడుకోబెట్టేవాడు. ఇంకొకడిని గుద్దిన లారీ డ్రైవర్‌గా నిలబెట్టి, మిగిలినవాళ్లను జనంలా మీదపడి కొట్టమనేవాడు. ఉత్తుత్తిగా కొడితే ఊరుకునేవాడు కాదు. నాకు ముక్కుమీద కోపం కాబట్టి డ్రైవర్ వేషం ఎప్పుడూ నాకే.

"ముందు డ్రైవర్‌ను కాపాడుండ్రి. కిందోడు తర్వాత," అనేవాడు.

ఒకరోజు పెదవి చిట్లి, నెత్తురు ఉమ్మి అడిగేశాను. "గిదేం లెక్క జమేదార్ సాబ్? గుద్దినోన్ని కాపాడి, చక్రం కిందోడు సస్తుంటే సూసుకుంట నిలబడాల్నా?"

"లారీ ఎన్కకు తీసుడు నీకొస్తదారా?"

రాదు. ఆ రోజుల్లో మోటారు నడపడం వచ్చినవాడు వీధికి ఒకడు దొరికితే గొప్ప.

"వానికే ఒస్తది. వాన్ని సంపినంక కిందోన్ని ఎవడు తీస్తడు, మీ బాపా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది తప్ప బుర్రకెక్కలేదు. ఎక్కింది చార్మినార్ దగ్గర.

కార్వాన్ నుంచి బట్టల మూటలతో వస్తున్న లారీ, గాజుల దుకాణాల మలుపులో టాంగాను గుద్దేసింది. నేనూ ఇంకో జవానూ ఈలలు ఊదుతూ పరిగెత్తాం. లారీ ముందు చక్రం టాంగావాలా తొడ మీదికెక్కి ఆగిపోయింది. ఇంజనూ ఆగిపోయింది. పడిపోయిన గుర్రం కాళ్లు తన్నినప్పుడల్లా టాంగా కదిలి, కిందివాడు గావుకేకలు పెడుతున్నాడు. నాతో వచ్చినవాడు నేర్చుకున్నట్టే గుర్రం మెడమీద కూర్చుని దాన్ని కదలనివ్వకుండా, బండికి కట్టిన తోలుపట్టాలు కోశాడు.

నేను డ్రైవర్ కోసం చూశాను. మనిషి కనిపించలేదు, చెప్పులు లేచి పడడం కనిపించింది. లాఠీతో బాదుకుంటూ లోపలికి దూరాను. టాంగావాలా తమ్ముడు, అతనూ టాంగా తోలేవాడే, డ్రైవర్ ఛాతీ మీద కూర్చుని ఇటుకతో తల పగలగొడుతున్నాడు. నేను చూస్తుండగానే ఇంకో దెబ్బ పడింది. అతని మోచేతి మీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఇటుక జారింది.

"ఇడిశిపెట్టు! మా అన్నను సంపిండు!"

"నీ అన్న బతికే ఉన్నడురా గాడిదా! ఇతను పోతే మీ అన్న గూడ పోతడు. లారీ ఎవడు తీస్తడు, నువ్వా?"

అతను లారీని చూశాడు, డ్రైవర్‌ను చూశాడు. ఆ తర్వాత తనే చంకల కింద చేతులు వేసి డ్రైవర్‌ను సీటు మీదికి ఎక్కించాడు.

డ్రైవర్ చెవిలోంచి నెత్తురు కారుతోంది. "హ్యాండిల్ తిప్పుండ్రి," అన్నాడు మెల్లగా. అప్పట్లో ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పితేనే ఇంజను లేచేది. తమ్ముడు అన్న మొహం పక్కనే నిలబడి, ఏడుస్తూ తిప్పాడు. ఇంజను లేచింది.

"ముందుకు జరగనియ్య భాయ్. ఫికర్ జెయ్యకు," అన్నాడు డ్రైవర్. జరగనివ్వలేదు. చక్రం వెనక్కే పోయింది. టాంగావాలాను బయటికి లాగి, నుజ్జయిన కాలిని తలపాగాతో బిగించాం. ఇందాక కొట్టిన చేతులే చప్పట్లు కొట్టాయి. షాబాష్ అని నన్ను మెచ్చుకున్నారు! వాళ్లందరినీ వరసగా నిలబెట్టి చితకబాదాలనిపించింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

కిందివాడు దక్కాడని చెబుదామని లారీ ఎక్కాను. డ్రైవర్ స్టీరింగ్ మీద నుదురు ఆనించి ఉన్నాడు. భుజం తడితే పక్కకు ఒరిగిపోయాడు. ఊపిరి లేదు. చేతి బ్రేకు మాత్రం బిగించే ఉంది.

కింద టాంగావాలా కళ్లు తెరిచి తమ్ముణ్ణి అడుగుతున్నాడు. "నన్ను ఎవలు తీసిన్రురా?"

తమ్ముడి చేతిలో ఇంకా హ్యాండిల్ ఉంది. నా మొహం చూసి అతనికి అర్థమైంది. నేను సాయం రాలేదు, నీ నోటితోనే చెప్పు అనుకున్నాను.

"లారీ డ్రైవరే తీసిండన్నా."

"యాడున్నడు? దండం వెడ్త. ఒకపారి పిలువురా."