మాఘమాసం ముందర ఎక్కిన ఇసుక గుట్ట

ఆ దినాలల్ల మాకు తెలివి లేకుండె అని చెప్పను. తెలివి మస్తుండె, కాకపోతే అదంతా షట్టరింగ్ తెలివే. జగిత్యాల దిక్కునుంచి గల్ఫ్‌ల హుఫూఫ్‌కు వచ్చిపడ్డ ఇరవై మూడేండ్ల పోరన్ని నేను. పొద్దున లేస్తే ప్లై పలకలు కోసుడు, మేకులు కొట్టుడు, పలకకు నూనె పూసుడు, మీద సిమెంటు పోసి గట్టిపడ్డంక పలక ఊడవీకుడు, ఇదే మాకు లోకం. పలకకు నూనె పూస్తే సిమెంటు అంటుకోదు. మా మేస్త్రీ మొదటి రోజు చెప్పిన మాట ఇదే, మేం దాన్ని మంత్రం లెక్క పట్టుకున్నం. దునియాల ఏది దేనికి అంటుకోవద్దన్నా నూనె పూస్తే చాలని మా నమ్మకం. ఇప్పుడు యాభై ఆరేండ్లకు వాకిట్ల కూసోని మోకాళ్ళకు నూనె రాసుకుంటుంటే నా మీద నాకే నవ్వొస్తది. (మోకాళ్ళు ఎందుకు నొస్తున్నయో డాక్టరుకు కథంతా చెప్పిన. ఆయన విని, చీటీ మీద వయసు వల్ల అని రాసిండు.)

ముందుగాల నా గోస చెప్పాలె. మా మేనమామ బిడ్డను నాకు ఇయ్యాలె అని నేను విమానం ఎక్కకముందే ఖాయమైంది. రెండేండ్లు పనిచేసి సెలవు మీద పోవాలె, తాళి కట్టాలె. రెండేండ్లు నిండవచ్చె, అంతల పక్క దేశంల లడాయి మొదలాయె. మా కఫీల్ ఇంటిల్లిపాదిని బండ్ల ఎక్కించుకొని జిద్దా పోయిండు. కఫీల్ అంటే మమ్ముల రప్పించుకున్న సేటు. ఆయన సంతకం లేనిదే మేం దేశం దాటరాదు, మా పాస్‌పోర్టులు కూడా ఆయన బీరువలనే. ఆయన పోంగ బీరువ తాళంచెవి కూడా పోయింది. మేం కిటికీలకు టేపులు అతికిచ్చుకొని, సైరన్ మోగినప్పుడల్లా మంచాల కిందికి దూరుకుంట కూసున్నం. మా రూంల సిరిసిల్లాయన ఒకడుండె, రేడియో అన్న అంటుంటిమి. పొద్దుమాపు చెవికి రేడియో ఆనిచ్చుకొని, "వారం రోజులల్ల అయిపోతది తమ్మీ" అనేటోడు. ఏడు నెలలు అట్లనే అన్నడు.

లడాయి అయిపోయింది. కఫీల్ వచ్చిండు, ఆయనెంబడి కుప్పలు కుప్పలు పని కూడా వచ్చింది. సెలవు అడుగుదామని ఆఫీసుకు పోతే ముదీర్, అంటే మేనేజరు, తల కూడా ఎత్తకుండ "కఫీల్ వచ్చినంక" అనేటోడు. కఫీల్ వచ్చిన దినం చూసి మమ్ముల దూరం సైటుకు తోలేటోడు. అట్ల రెండు ముహూర్తాలు పోయినయి. చలికాలం పడంగనే ఊరినుంచి క్యాసెట్ వచ్చింది (అప్పుడు ఉత్తరాల కన్న క్యాసెట్లే ఎక్కువ, ఇంటోళ్ళు మాట్లాడి నింపి పంపితే మేం విని దాని మీదనే మా మాటలు నింపి పంపేటోళ్ళం). అండ్ల మామ గొంతు: "అల్లుడా, నీ మీద నాకు కోపం లేదు. పిల్లకు ఇరవై దాటినయి. ఈ మాఘమాసంల వస్తివా, పెండ్లి చేస్త. రాకపోతివా, మెట్‌పల్లి సంబంధమోళ్ళు కూసున్నరు, నేను మాట ఇచ్చేస్త." తర్వాత కొంచెంసేపు గరగర. ఆ గరగరల నుంచి మా మరదలు, "బావా, యాళ్ళకు తింటున్నవా" అన్నది. అంతే. ఆ ఒక్క మాట దగ్గర క్యాసెట్ వెనుకకు తిప్పి తిప్పి విన్న. మాఘం ఇంక నలభై దినాలు కూడా లేదు. అన్నం సయించలే, పనిల సుత్తి వేలు మీద పడ్డది, నాకు దిక్కు తోచలే.

ఉపాయం చెప్పింది రేడియో అన్ననే. చలికాలంల రెండు వానలు పడంగనే అరబ్బులు పిల్లాజెల్లతోని ఎడారిల డేరాలు వేసుకొని ఉంటరు. మా కఫీల్ కూడా జుమ్మా జుమ్మాకు, అంటే ప్రతి శుక్రారం, అక్కడనే. ఆ డేరాలకు నీళ్ళు పోసేది మా ట్యాంకరు ఖాన్‌సాబే. "ఆఫీసుల దొరకని మనిషి డేరాల దొరుకుతడు. అక్కడ ముదీర్ ఉండడు, మనసు కూడా మంచిగుంటది. కాళ్ళ మీద పడు, సంతకం పెట్టిచ్చుకో" అన్నడు రేడియో అన్న. పాస్‌పోర్టు ఆఫీసు బయట టైపు కొట్టేటాయనతోని సెలవు ఫారం నింపిచ్చినం. ముద్ర ఉన్న ఫారం, ఒక్కటే దొరికింది. అది మలిచి అంగి జేబుల పెట్టుకున్న. ఖాన్‌సాబ్ మాత్రం డేరాల దాక మమ్ముల ట్యాంకరుల తీసుకపోనన్నడు. "మై నహీ ఫసూంగా భాయీ, నేను ఇరుకను. గుట్టకు ఈ దిక్కు దింపుత, మీరు దాటుకొని పోండ్రి, పొద్దు వాలంగ అసర్ నమాజుకు మళ్ళ ఇక్కడనే ఎక్కిచ్చుకుంట" అని సగం ఉర్దూల సగం చేతులతోని చెప్పిండు.

ఇక్కడిదాక మంచి ఉపాయమే. దాన్ని ఖరాబు చేసింది మా షట్టరింగ్ తెలివి. లడాయి అయినంక దమ్మామ్ తొవ్వల అమెరికా సిపాయిలు ఇసుక గుట్టల మీదికెల్లి పలకల మీద నిలవడి సర్రున జారుడు రేడియో అన్న చూసిండట. "ఎక్కుడు ఎట్లన్న కష్టమే. దిగుడు రెండు నిమిషాల పని" అన్నడు. మా మూడోవాడు లంబు (ఆరడుగుల పొడుగు, ధైర్యం మాత్రం నాలుగే అడుగులు) సైటుల మిగిలిన నల్ల ప్లై మూడు పలకలు కోసిండు. అంచులు గీకిండు, ముందటి దిక్కు మూలలు గుండ్రంగ చేసిండు. ఇంక ముగ్గురం ఒక్కమాట మీద ఒప్పుకున్న సంగతి ఏందంటే, పలకకు నూనె పూయాలె. అమెరికోళ్ళు నూనె పూసిన్రా అని ఎవరం అడగలే. పలక ఉన్నంక నూనె పూయకుండ ఎట్లుంటది? షట్టరింగ్ నూనె డబ్బ నా భుజానికి తగిలిచ్చిన్రు, ఎందుకంటే పెండ్లి నాది.

ఆ గుట్ట ఎక్కుడు ఉన్నది చూడుండ్రి, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. కిందికెల్లి చూస్తే ఇదెంత అనిపిచ్చింది. ఎక్కుతుంటే తెలిసింది, మేం ఎక్కుతలేం, గుట్టనే మా కాళ్ళ కిందికెల్లి దిగుతున్నది. చెప్పులల్ల ఇసుక, నోట్లె ఇసుక, భుజం మీద పలక గాలికి అటూ ఇటూ కొట్టుకుంటున్నది. చలికాలమని పేరు, వీపంత చెమట. సగం దాక పోయినంక లంబు కూసుండిపోయిండు. "నాకు పెండ్లయింది అన్నా, నేనెందుకు ఎక్కుతున్న" అన్నడు. రేడియో అన్న వాని రెక్క పట్టి లేపుకుంట, "ఇంక పది నిమిషాలే" అన్నడు. ఆ పది నిమిషాలు గంటన్నర నడిచినయి. ఒక జాగల నేను కూడా బోర్ల పడి, లేవబుద్ధి కాక, ఇసుకల మొఖం పెట్టి ఏడ్చిన. మాఘమాసం పోతే పోనీ, ఇక్కడనే కప్పెట్టి పోండ్రి అన్న. రేడియో అన్న నా పలక కూడా తన భుజం మీద ఏసుకొని ముందట నడిచిండు. ఏడు నెలలు తప్పు చెప్పిన మనిషిని ఆ గడియల క్షమించిన.

శిఖరం మీదికి చేరినం. అవతల దిక్కు గోడ లెక్క ఏటవాలు, కింద తెల్లటి డేరాలు నాలుగు, పెద్ద కారు, గడ్డి మొలిచిన జాగల ఒంటెలు. అగో, ఆ కుర్చీల కూసున్నది మా కఫీలే. ఇంత దూరంకెల్లి కూడా గుర్తువట్టిన. ఇంక జారుడే తక్కువ. డబ్బ మూత తీసి మూడు పలకల కింద నూనె పూసినం, సైటు మీద పూసినట్టే, మూలమూలకు. ముందుగాల రేడియో అన్న కూసోని తోసుకున్నడు. పలక కదలలే. లంబు ఎనుకకెల్లి తోసిండు. మూరెడు పోయి ఆగింది. ఎత్తి చూస్తే పలక అడుగుకు రెండు వేళ్ళ మందం ఇసుక పట్టింది, రొట్టెలు చేసే పీట లెక్కున్నది. ఏదన్న అర్థమైందా మాకు? కాలే. "నూనె తక్కువైంది" అన్నడు లంబు. ఇంకింత పూసినం. ఇసుక ఇంకింత పట్టింది.

నేను అమెరికోళ్ళ లెక్క నిలవడితే బరువుకు కదులుతది అనుకున్న. చెప్పులు జారుతున్నయని బైండింగ్ వైరుతోని రెండు కాళ్ళు పలకకు కట్టమన్న. రేడియో అన్న పట్కారుతోని మెలి తిప్పి తిప్పి కట్టిండు, పిల్లరు దిమ్మెకు సలాకలు కట్టినంత గట్టిగ. నూనె డబ్బ మూత సరిగ పెట్టక భుజానికే ఉంచుకున్న. ముందుకు వంగి, కొంచెం కాదు, మొత్తం వంగిన. పలక మాత్రం కదలలే. కదిలింది నేనే. తలకాయ కిందికి, పలక మీదికి, మళ్ళ తలకాయ మీదికి, ఆకాశం, ఇసుక, ఆకాశం, ఇసుక, నడుమనడుమ నూనె. కాళ్ళు పలకకు కట్టి ఉన్నయి కాబట్టి ఆగుదామన్నా ఆగరాదు. పట్కారు పైన రేడియో అన్న చేతుల ఉన్నది.

ఎక్కడ ఆగిన్నో చెప్పాల్నంటే ఇప్పటికి సిగ్గయితది. మగోళ్ళు కూసునే దిక్కు కాదు, పరదా కట్టిన ఆడోళ్ళ దిక్కు, పరదా గుంజను కొట్టుకొని ఆగిన. లోపట ఎవరో ఏదో అన్నరు. నా పని అయిపోయింది అనుకున్న, జైలు, ఆ తర్వాత ఏముంటదో దేవునికే తెలవాలె. అప్పుడు ఒక ముసలామె నల్ల ముసుగు సదురుకుంట బయటికొచ్చింది, కఫీల్ తల్లి. నన్ను చూసింది, పలకను చూసింది, కాళ్ళకు చుట్టిన వైరును చూసింది. "మిస్కీన్" అన్నది, పాపమని. ఒక చెంబెడు నీళ్ళు నా ముందట పెట్టిచ్చింది. కొడుకు ఉరికొచ్చిండు, మొఖం ఎర్రగ. నాకొచ్చిన పది అరబ్బీ మాటలు, ఇరవై ఉర్దూ మాటలు కలిపి పెండ్లి సంగతి, మాఘం సంగతి, మామ సంగతి చెప్పిన. నేను ఏం చెప్పిన్నో ఆమెకు ఏం తెలిసిందో గాని, ఆమె కొడుకు దిక్కు తిరిగి కోపంగ నాలుగు మాటలన్నది. కఫీల్ కోపం పోయింది. నవ్విండు. జేబుల నుంచి పెన్ను తీసి, "హాత్" అన్నడు, ఇయ్యి అని చెయ్యి చాపిండు.

జేబుల నుంచి ఫారం తీసిన. అది నూనెల నాని పారదర్శకంగ అయింది, అటు పక్క నా వేళ్ళు కనవడుతున్నయి. కఫీల్ కారు ముందటి రేకు మీద పరిచి సంతకం పెట్టిండు. పెన్ను జారింది, గీత పడలే. జాగ మార్చి పెట్టిండు, పడలే. కారుల నుంచి ఇంకో పెన్ను తెప్పిచ్చిండు, నోటి ఆవిరి పెట్టిండు, అంగి అంచుతోని ఒత్తిండు. సంతకం పెట్టనీకి ఒక మనిషి అంత కష్టపడుడు నేను జన్మల చూడలే. ఏ పెన్నూ ఆ కాయితాన్ని అంటుకోలే. వేరే కాయితం మీద పెట్టమన్న, ముద్ర లేనిది చెల్లదన్నడు. "బుక్రా, మక్తబ్" అన్నడు, రేపు ఆఫీసుల అని. అబద్ధం చెప్పలేదు ఆయన, నేను ఆయన కండ్లల్ల చూసిన. గాని ఆ రాత్రికే ముసలామెకు గుండెనొప్పి వచ్చింది. రియాద్ దవాఖానకు తీసుకపోయి రెండు నెలలు తల్లి దగ్గర్నే ఉన్నడు. తల్లి కొరకు పోయిన మనిషిని ఏమనాలె? ముదీర్ మాత్రం తల ఎత్తకుండనే "కఫీల్ వచ్చినంక" అన్నడు.

మాఘం పోయింది. మామకు నేను నింపిన క్యాసెట్ల ఏమున్నదంటే, "మామా, కంపెనీ సెలవు ఇస్తలేదు." ఆ ఒక్క మాటనే. పలక సంగతి, నూనె సంగతి చెప్తే ఊరంత నవ్వుతదని సిగ్గుపడ్డ. మెట్‌పల్లి పెండ్లి అయింది. నాకు సెలవు ఆ ఎండాకాలం తర్వాత దొరికింది. తర్వాత నాకూ పెండ్లయింది, మంచి మనిషే దొరికింది, పిల్లలు ఎదిగిన్రు.

పోయినేడు మా మరదలు బిడ్డ పెండ్లికి పోయిన. బువ్వలయినంక పందిట్ల చాప మీద వచ్చి కూసోని, "బావా, ఇప్పుడన్న చెప్పు. ఆ ఏడు నీకు రావాలని లేకుండెనా" అన్నది. ఇంక దాచుడెందుకని మొత్తం చెప్పిన, పలక, వైరు, పరదా, పెన్ను. ఆమె కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది, నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది. తర్వాత నవ్వు ఆపి, "కంపెనీ సెలవు ఇస్తలేదని గల్ఫ్‌కు పోయిన ప్రతి ఒక్కడు అంటడు బావా. మా నాయిన ఎట్ల నమ్ముతడు? ఈ ముచ్చట చెప్తే నేను మా నాయిన కాళ్ళు పట్టుకొని ఇంకో ఏడు ఆగుదును గద" అన్నది. అంతల లోపటినుంచి ఎవరో పిలిచిన్రు, లేచి పోయింది.

అప్పటి సంది ఈ ముచ్చట అడిగినోళ్ళకు చెప్తున్న, అడగనోళ్ళకూ చెప్తున్న. ఊరంత నవ్వుతున్నది. నాకు ఇప్పుడు సిగ్గు లేదు, ఆ పోరనికి ఉన్నదాంట్ల సగం కూడా లేదు. మా ఇంటామె ఎన్నిసార్లు విన్నా నవ్వుతది. నవ్వినంక నూనె గిన్నె నా ముందటికి జరుపుతది. నేను మోకాళ్ళకు రాసుకుంట.