కంప్యూటర్‌కో శాంపిల్

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, మిర్చి సీజను మొదలవుతుండగా, గుంటూరు యార్డు దగ్గర ఒక చిన్న ఎగుమతి కంపెనీలో వెబ్ డెవలపర్‌గా చేరాను. డెవలపర్లు ఎంతమందని అడక్కండి. వెబ్‌సైటు నడిపేది నేనే, కేటలాగు చేసేది నేనే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే లాగేదీ నేనే. హోదాలో అకౌంటెంట్ రాజ్యలక్ష్మి గారి కంటే ఒక మెట్టు కింద, కాటా గుమాస్తా కంటే ఒక మెట్టు పైన. సీజనులో వెబ్‌సైటు ఒక్క రోజు ఆగినా నా దారి నేను చూసుకోవచ్చని యజమాని సాంబశివరావు గారు మొదటి రోజే చెప్పేశారు. ఆ వయసులో నాకు ఇంకో దారి ఎక్కడుంది?

కోడ్ రాసే ఎడిటర్‌తో ఇబ్బంది లేదు. వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోనిచ్చేవి మంచివే దొరుకుతాయి. చిక్కల్లా ప్యాకెట్ల బొమ్మలు, కేటలాగు తయారుచేసే డిజైన్ సాఫ్ట్‌వేరుతోనే. దానికి లైసెన్సు కొనాలి. యజమాని గారి బావమరిది పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ తెచ్చి, "అంతా ఫ్రీయే మాస్టారూ" అన్నాడు. నేను చేత్తో ముట్టుకోలేదు. దాంతోపాటు వైరస్ దూరి ఆర్డర్ల ఫైళ్ళు పోతే, ఊడేది బావమరిది ఉద్యోగం కాదు కదా!

అందుకని ఒక కాగితం మీద మూడు దారులు రాసిచ్చాను. ఏడాది చందా కడితే నెలకు పడేది తక్కువ. నెల చందా కాస్త ఎక్కువే గానీ, సీజను అయిపోగానే ఆపేయొచ్చు. మూడోది, ఒక్కసారి కొని ఎన్నాళ్ళయినా వాడుకునే చిన్న సాఫ్ట్‌వేరు. హంగులు తక్కువ, మన పనికి చాలు. దేన్నయినా కొనేముందు పదిహేను రోజులు ఉచితంగా ట్రయల్ చూడొచ్చని అడుగున రాశాను. బుద్ధి తక్కువై రాశాను. సాంబశివరావు గారు ఆ చివరి ముక్క ఒక్కటీ చదివి, అదే కాగితంలో కాయలు పొట్లం కట్టి ఎవరికో శాంపిల్ పంపేశారు.

"యార్డులో ప్రతి బస్తాకీ శాంపిల్ తీస్తాం గదయ్యా. మనకి అయిదు కంప్యూటర్లున్నయ్. కంప్యూటర్‌కో శాంపిల్ తియ్యి" అన్నారు.

ట్రయల్ మనిషికి ఒక్కసారేనని, షరతుల్లో స్పష్టంగా ఉందని చెప్పాను. "శాంపిల్ చూసినందుకు జైల్లో పెడతారా ఏంది?" అని నవ్వారు. అవసరం నాది. వెళ్ళి ట్రయల్ ఎక్కించాను.

మొదటి పదిహేను రోజులు నా బల్ల దగ్గరే గడిచాయి. తరవాత రిసెప్షన్‌కి మారాను. వచ్చిన ఫోనల్లా నేనే ఎత్తాల్సొచ్చింది. ఆ తరవాత రాజ్యలక్ష్మి గారి సీటు. ఆవిడ బిల్లు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని నన్ను కళ్ళతోనే కాల్చేశారు. నాలుగో మజిలీ కాటా గది. అక్కడ ఘాటుకి తుమ్మినప్పుడల్లా మౌసు జారి కేటలాగులో కాయ వంకర పోయేది.

మిగిలింది యజమాని గారి కంప్యూటరు. "పదిహేను రోజులే గదా" అంటూ ఆయన తన గదిలోనే సోఫాలోకి మారారు, నేను తిరిగే కుర్చీ ఎక్కాను. ఏసీ చల్లగానే ఉంది గానీ నాకు కునుకు పట్టడం లేదు. ఆరో కంప్యూటరు లేదు, కొత్త బొమ్మలు లేకపోతే వెబ్‌సైటు ఆగుతుంది. ఈ ట్రయల్ ముగిస్తే నా ఉద్యోగమూ ముగిసినట్టే.

మూడో రోజున అద్దంకి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. మా గడప తొక్కడం అతనికదే మొదటిసారి. కుర్చీలో ఉన్న నాకు దండం పెట్టి, బల్ల మీద పొట్లం విప్పి, "రేటు చెప్పండి షావుకారు గారూ" అన్నాడు. నేను లేచి నిజం చెప్పాల్సింది. ఏం చెప్పమంటారు, లేవబుద్ధి కాలేదు! ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు విన్నాను. తొడిమ తుంచాను. "తేమ ఉన్నట్టుందే" అని పెదవి విరిచాను.

"ఏందయ్యా నువ్వు చేసేది!" అంటూ సాంబశివరావు గారు సోఫాలోంచి లేచారు.

రైతు వెనక్కి తిరిగి, "కాసేపు ఆగవయ్యా పెద్దాయనా, షావుకారు గారు మాట్లాడతన్నారు గదా! తొందరైతే రేపు రా" అన్నాడు.

సంతకాల కోసం గుమ్మంలో నిలబడ్డ రాజ్యలక్ష్మి గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. పన్నెండు రోజులు ఆగక్కర్లేదు, ఉద్యోగం ఇప్పుడే ఊడిందనుకున్నాను.

అసలు షావుకారు ఎవరో తెలిసి రైతు నాలిక కరుచుకున్నాడు. బేరం ముగించి అతన్ని పంపాక సాంబశివరావు గారు నా వైపు తిరిగి, "ఆ కొనేదేందో ఇవాళే కొను. సాయంత్రానికి నా కుర్చీ ఖాళీ కావాల" అన్నారు. నేను మూడో రకం కొని నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. రిటైరయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

షరతులు చదివి వినిపించాను, వైరస్ భయం పెట్టాను, తక్కువ ఖర్చు దారులు మూడు చూపించాను. ఒక్కటీ పనిచేయలేదు. చిన్న కంపెనీలో ఒంటరిగా ఈ పని చేసేవాళ్ళకి నా అనుభవం చెప్పేది ఇంతే. ట్రయల్ ఎలాగూ ఒక్కసారే. దాన్ని యజమాని కంప్యూటర్లోనే మొదలుపెట్టండి.