లిమారో పడవ దిగిన పూట

లిమారో పేరెత్తితే మార్షల్ దీవుల్లో పెద్ద పెద్ద పడవలవాళ్ళు కూడా ఇప్పుడు సర్దుకుని కూర్చుంటారు. ఎవరూ చూడని దీవులను వెతికి వచ్చిన మనిషి మరి! కానీ ఆమెను మొట్టమొదట సముద్రంలో పడేసింది సొంత తాత లంగిన్. అప్పటికి పిల్లకు నాలుగేళ్ళు.

పడేయడమంటే నిజంగా పడేయడమే. పగడపు దిబ్బ దాటి లోతు మొదలయ్యే చోట వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద ఒక్క అరచెయ్యి పెట్టి, "కళ్ళు మూసుకో. ఇప్పుడు అల ఎటునుంచి వచ్చింది?" అనేవాడు. పిల్ల ఉప్పునీళ్ళు మింగి, దగ్గి, ఏడ్చి, చెయ్యి చూపించేది. తప్పయితే మళ్ళీ మొదటికే.

"నీ పిచ్చి తగలెయ్య! అది పిల్లనుకున్నావా, చేపనుకున్నావా నాన్నా?" అని తల్లి ఒడ్డున నిలబడి తిట్టిపోసేది.

తాత వింటేనా! తూర్పు నుంచి వచ్చే పెద్ద అల, దీవికి తగిలి తిరిగొచ్చే అల, ఆ రెండూ కలిసేచోట ఒక దీవి నుంచి మరో దీవికి వెన్నెముకలా సాగే గీత. ఆ వెన్ను దొరికితే నేల కనబడకపోయినా దారి తప్పదు. అది కళ్ళకు కనబడదు, ఒంటికి తెలియాలి. ఏడేళ్ళు నిండేసరికి లిమారో అడగకముందే చెప్పేది.

పదిహేనో ఏట పరీక్ష వచ్చింది. తెల్లవారి బయలుదేరి, పొద్దుగూకేలోగా ఆ దీవులనేలే దొర ఉండే దీవికి పడవ చేర్చాలి. దారి గురించి లంగిన్ ఒక్క మాట అన్నా ఓడిపోయినట్టే, ఇక ఆమె జన్మలో పడవ నడపకూడదు. పోనీ దారి తప్పిందా, ఆ దీవి అవతల నేలన్నదే లేదు. పడవలో ఎనిమిది మంది ఉన్నారు.

నడిమధ్యాహ్నం లంగిన్ అలవాటుగా పడవలో పడుకుని వీపుతో అలలు వింటున్నాడు. ఉన్నట్టుండి అల ఊపు మారింది. వెన్ను ఎడమకు జారిపోయింది! పిల్ల దారి తప్పింది. చెబితే దాని బతుకు పోతుంది, చెప్పకపోతే అందరి ప్రాణాలూ పోతాయి. చివరికి లేచి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే లిమారో "తెరచాప దించండి!" అని అరిచి, నడుముకు తాడు కట్టుకుని సముద్రంలోకి దూకేసింది.

"స్నానానికి ఇదా వేళ, మహారాణీ?" అన్నాడు మేనమామ జోబెల్.

"నోర్మూసుకో మావయ్యా! నీ గోలలో అల తెలియడం లేదు."

కళ్ళు మూసుకుని, చెవులు నీళ్ళలో పెట్టి, చాలాసేపు తేలింది. పైకొచ్చాక జుట్టు పిండుకుంటూ, "దారి సరిగ్గానే ఉంది. నీళ్ళు నిజమే చెబుతున్నాయి, పడవే అబద్ధమాడుతోంది. మొన్న పడవ ఒరగకుండా పక్కన తేలే దుంగ కొత్తది కట్టారుగా? అది మరీ తేలిక, పడవను వేరేగా ఊపుతోంది. నాకూ వెన్ను ఎడమకు జారిందనిపించింది, అందుకే దిగా" అంది.

లంగిన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అరవై ఏళ్ళుగా సముద్రం మీద తిరిగిన మనిషి. పడవ మీద అనుమానమొస్తే పడవే దిగి చూడొచ్చన్న సంగతి ఒక్కనాడూ తోచలేదు. అబ్బ, ఏం పిల్లరా ఇది!

పొద్దు వాలుతుండగా తెల్లపిట్టలు ఇంటిదారి పట్టాయి. అవి పోయినవైపే కొబ్బరిచెట్ల తలలు తేలాయి.

ఒడ్డున దొర అడిగాడు: "ముసలాడా, దారిలో నోరు తెరిచావా?"

"తెరిచాను దొరా. మాట బయటికొచ్చేలోగా ఇది దూకేసింది. ఆ మాటే అనుంటే ఎనిమిది మందినీ నేనే చంపేవాణ్ణి."

దొర నవ్వలేదు. తాబేలు చిప్ప తెప్పించి లిమారో ముందు పెట్టాడు. పరీక్ష గెలిచినవాళ్ళే దాన్ని పగలగొట్టాలి. ఒక్క రాయి దెబ్బకు పగిలింది. ఆ రోజు అందరూ సీమపనస ముద్దలు కడుపునిండా తిన్నారు, లంగిన్ తప్ప.

మర్నాడు పొద్దున్నే అతను మనవరాలిని దిబ్బ అంచుకు తీసుకుపోయి, నీళ్ళలో వెల్లకిలా పడుకున్నాడు.

"మెడ కింద చెయ్యి పెట్టవే అమ్మడూ. పడవ లేకుండా విని చాలా ఏళ్ళయింది."

లిమారో అరచెయ్యి పెట్టింది. ముసలి తల చాలా తేలిగ్గా ఉంది.

"కళ్ళు మూసుకో తాతా. ఇప్పుడు అల ఎటునుంచి వచ్చింది?"