తెలియదని చెప్పిన మాస్టారు

మొన్న మా కోడలు ద్రాక్షపళ్ళు కడగడానికి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో చిటికెడు పొటాషియం పర్మాంగనేట్ వేసింది. ఊదారంగు సన్నని తీగలుగా సాగి, చూస్తుండగానే నీళ్ళన్నీ గులాబీరంగుకు తిరిగాయి. తుప్పు పట్టిన ఇనుములాంటి ఆ వాసన తగలగానే నేను భవానీపురంలో మా వంటింట్లో లేను. కంకిపాడు అవతల, వానకు తడిసిన ఒక నూతి గట్టు మీద ఉన్నాను. పక్కన పంచె పైకి చెక్కుకుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ కామేశ్వరరావు మాస్టారు ఉన్నారు.

నేను బెజవాడలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మాకు కెమిస్ట్రీ చెప్పారు. ఒకసారి ప్రిన్సిపాల్ గారు మా తరగతికి వచ్చి, లక్ష్యం లేని విద్యార్థి ఎందుకూ కొరగాడని ఉపన్యసించి, ఒక్కొక్కరినీ లేచి తన లక్ష్యం చెప్పమన్నారు. మా నాన్నకు బట్టల కొట్టు ఉంది. నేను అందులో కూర్చోవాలని ఆయన కోరిక. మేనమామకేమో నేను ప్లీడరు కావాలని. నాకు ఏం కావాలని ఉందో ఎంత తడుముకున్నా చేతికి తగలలేదు. నా ముందువాడు ఇంజనీరునవుతానన్నాడు. నేనూ అదే అనేసి కూర్చున్నాను. క్లాసు అయ్యాక మాస్టారు వరండాలో నన్ను ఆపారు.

“నీ ముందువాడు డాక్టరునవుతానని అని ఉంటే నువ్వూ డాక్టరనేవాడివా?”

“అనేవాణ్ణేమోనండి.”

తిడతారనుకున్నాను. ఆయన నవ్వి, “పోనీలే, ఇది నిజం చెప్పావు” అని వెళ్ళిపోయారు.

నలభై రెండులో, క్విట్ ఇండియా రోజుల్లో, నా అయోమయం ఇంకా ముదిరింది. కుర్రాళ్ళు క్లాసులు వదిలి ఊరేగింపులకు పోతున్నారు. నా పక్క బెంచీ నరసింహం ఒకరోజు పొద్దున కాలేజీ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, “రారా, ఇంకా ఆలోచనేమిటి?” అన్నాడు. వెళ్ళాలనే ఉంది. నాన్న మొహం గుర్తొస్తోంది. లోపలికి ఒక అడుగు, బయటికి ఒక అడుగు వేస్తూ నిలబడ్డాను. నరసింహం చూసి చూసి చెయ్యి వదిలేశాడు. అప్పుడే మాస్టారు గేటు దగ్గరికి వచ్చారు.

“లోపలికి రమ్మని నేను చెప్పను. వెళ్ళమనీ చెప్పను. భయపడి లోపలికి వచ్చేట్టయితే నా క్లాసులో కూర్చోకు. సిగ్గుపడి బయటికి పోయేట్టయితే వాళ్ళ వెంటా పోకు.”

భయమూ సిగ్గూ తీసేస్తే నాలో ఇంకేమీ మిగల్లేదు. అటూ పోలేదు, ఇటూ పోలేదు. కాలవ గట్టున కూర్చుని పడవలు చూశాను. నరసింహాన్ని ఆ సాయంత్రమే అరెస్టు చేశారని తెలిసింది. వాడికి తన దారి ఎలా తెలిసిందో అన్నదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

ఆ వానాకాలం పల్లెల్లో కలరా పుట్టింది. ఆ గొడవల్లో మూతబడ్డ కాలేజీ తిరిగి తెరిచాక మాస్టారు ల్యాబులో నన్ను పిలిచారు. “నీకు ఎటు పోవాలో ఎలాగూ తెలియడం లేదు. ఆదివారం కంకిపాడు వైపు పోయి నూతుల్లో మందు కలుపుతున్నాను. నువ్వూ రా” అన్నారు. వెళ్ళాను. బస్సు దిగి, బురదలో చెప్పులు చేత పట్టుకుని నడిచాం. ఆ ఊళ్ళో అప్పటికే ఇద్దరు పోయారు. అయినా నూతి దగ్గర తాయారమ్మ గారని ఒక పెద్దావిడ అడ్డంగా నిలబడింది. ఆ నుయ్యి వాళ్ళదే. ఊళ్ళో సగం మంది ఆ నీళ్ళే తాగుతారు.

మాస్టారు సూక్ష్మజీవుల గురించి ఓపిగ్గా చెప్పారు. ఆవిడ కదలలేదు. “మీరు చదువుకున్నవాళ్ళు, కాదనను. బంగారంలాంటి నీళ్ళల్లో రంగు కలిపితే ఎట్టా తాగుతామండీ?” అంది.

అప్పుడు నా నోట ఎలా వచ్చిందో తెలియదు, అచ్చం మా నాన్న కొట్లో కూర్చుని మాట్లాడినట్టే వచ్చింది. “చూడండమ్మా, చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని కొంగు తడిపి చూస్తారు గదా. ఇదీ అంతే. ఇవాళ సాయంత్రం కలిపి వదిలేయండి. రేపు పొద్దున చేద వేసి చూడండి. రంగు పోయి ఉంటే నీళ్ళు వాడుకోండి. పోకపోతే నన్ను పిలిపించి అడగండి.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “రంగు పోద్దని చెప్పి సరుకు అంటగట్టేవాణ్ణి ఇప్పుడే చూశా” అని నవ్వి పక్కకు తప్పుకుంది.

తిరుగు బస్సులో నాకు ఉత్సాహం ఆగలేదు. “మాస్టారూ, నేను డాక్టరీ చదువుతానండి” అన్నాను.

“ఇవాళ అన్న మాట నేను పట్టించుకోను.”

“మరి నన్నేం చదవమంటారు?”

“నాకు తెలియదయ్యా. నువ్వు ఇందాక చేసింది వైద్యమో వ్యాపారమో కూడా తెలియలేదు. వచ్చే ఆదివారం పక్క ఊరు పోవాలి. అంతవరకు తెలుసు.”

“మీరు కెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నారండి?”

“మా అన్నయ్య పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి” అన్నారు. హాస్యమాడారేమోనని మొహంలోకి చూశాను. కాదు.

ఆ వానాకాలమంతా ఆయన వెంట తిరిగాను. మరుసటి ఏడు సెలవుల తరవాత ఆయన కాలేజీకి రాలేదు. ఉత్తరాదిన ఏదో ఫ్యాక్టరీలో చేరారని కొందరు, సన్యాసం పుచ్చుకున్నారని కొందరు అన్నారు. ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు. డాక్టరీలో నాకు సీటు రాలేదు. డిగ్రీ అయ్యాక ఆరోగ్యశాఖలో చేరి, నీళ్ళు కాచుకోమనీ టీకాలు వేయించుకోమనీ ఊరూరా చెప్పడంతోనే ఉద్యోగమంతా గడిచింది. “ఆఖరికి నువ్వూ వ్యాపారమే చేస్తున్నావురా, సరుకే కనపడదు” అనేవాడు నాన్న. ఇది నేను ఏనాడూ పెట్టుకున్న లక్ష్యం కాదు. కానీ ఇంకోటి చేసి ఉంటే బాగుండేదని కూడా అనిపించలేదు.

మాస్టారు నాకు దారి చూపారో, చూపకుండా తప్పించుకున్నారో ఆలోచిస్తే తలకాయ తిరుగుతుంది. నా చుట్టూ ఉన్న పెద్దలందరికీ నేనేం కావాలో తెలుసు. తెలియదని నా మొహాన చెప్పింది ఆయన ఒక్కరే. ఆ మాటకు అప్పుడు దిగులుపడ్డాను. ఇప్పుడు, ఏ సంగతీ తేల్చుకోలేని రోజున, దగ్గర్లో నా చేతనయ్యే పని ఒకటి వెతుక్కుంటాను. అది చేస్తే మిగతాది తేలుతుందన్న నమ్మకం లేదు. చాలాసార్లు తేలలేదు కూడా. ఆ తెలియకపోవడాన్ని వెంటబెట్టుకునే బస్సెక్కడం మాత్రం ఆయన దగ్గర అలవాటైంది.