కమలత్త వదిలి వెళ్ళిన జూలీ

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా కమలత్త మదనపల్లి బస్సు దిగి, పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. చేతిలో వెదురు బుట్ట... అందులో తెల్లటి బొచ్చు, రెండు నల్లటి కళ్ళు.

అత్త మా నాయనకు చెల్లెలు. మదనపల్లిలో నర్సు. పెళ్ళి వద్దని ఒంటరిగా ఉండిపోయిందని మా అవ్వకు కూతురి మీద కోపం. ఇద్దరి మధ్యా చాలాకాలంగా మాటలు లేవు.

"ఇది పామెరేనియన్ కుక్క పాపా, పేరు జూలీ. నాకు ఆపరేషన్ ఉండాది, రాయవేలూరు ఆస్పత్రికి పోతాండాను. వచ్చేదాకా సూసుకో" అంది నాతో. అవ్వకు వినిపించాలనే కాస్త గట్టిగా చెప్పింది. "ఎండకు పాపమని బొచ్చు మాత్రం కత్తిరించొద్దు. దినామూ దువ్వితే సాలు."

అవ్వ వంటింట్లోంచి బయటికి రాలేదు. అత్త కాసేపు గడప దగ్గర నిలబడి, వెళ్ళిపోయింది.

మాకు తెలిసినవి వీధి కుక్కలే... పెట్టింది తిని, ఎక్కడైనా పడుకునేవి. జూలీని కూడా అలాగే వసారాలో తాడుతో కట్టేశాం. రాగి సంగటి పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. మనం లేచి లోపలికి వెళ్తే చాలు, వణికిపోయేది. ఇది కాపలా కాసే కుక్క కాదని, మనిషిని అంటిపెట్టుకుని బతికే జాతి అని మాకు మెల్లగా తెలిసింది. తాడు విప్పేశాను. పెరుగన్నం తినేది... అదీ పక్కన కూర్చుని చేత్తో పెడితేనే.

నా చేతి అన్నం తిని, పోయి అవ్వ కాళ్ళ దగ్గర పడుకునేది.

"పో అవతలికి. నీకు ఇంక యాడా సోటు దొరకలేదా?" అని అవ్వ కసిరేది. కాళ్ళు మాత్రం తీసేది కాదు.

ఒకరోజు అవ్వే నాయనను అడిగింది. "రాయవేలూరు ఎప్పుడు పోతాండావప్పా? నేనూ వస్తా."

"ఆదివారం పోదాంలేమా" అన్నాడు నాయన.

ఆదివారం కంటే ముందే కబురు వచ్చింది... ఆపరేషన్ తర్వాత అత్త కళ్ళు తెరవలేదని.

అత్తను ఇంటికి తెచ్చారు... తీసుకుపోయారు. అవ్వ ఏడవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కన్నకూతురు పోయినా ఏడవలేదని గుసగుసలాడుకున్నారు.

ఆ దుఃఖంలో జూలీని ఎవరమూ పట్టించుకోలేదు. చెవుల వెనక, పొట్ట కింద బొచ్చు ఉండలు కట్టిపోయింది. ముట్టుకుంటే మూలిగేది. గొరిగించేద్దాం అన్నాడు నాయన.

"వద్దు. కత్తిరించొద్దని కమల చెప్పిపోయింది కదా" అంది అవ్వ.

అంతవరకు జూలీని చేత్తో తాకని మనిషి, దాన్ని ఒళ్ళోకి తీసుకుని తన దువ్వెనతో ఒక్కో ఉండనూ విడదీయసాగింది. దువ్వెన ఆపకుండానే నాతో అంది.

"నా బిడ్డ వాకిట్లో నిలబడుకోనుంటే... నేను లోపల యాల కూర్చున్నానో నాకే తెలీదు తల్లీ."

జూలీ ఆ ఒళ్ళోనే నిద్రపోయింది. అవ్వ ఏడుస్తూనే దువ్వుతూ ఉంది...

ఆ తర్వాత జూలీ పడక అవ్వ మంచం కిందికి మారింది. జూలీ ముసలిదై చూపు పోయాక, అవ్వ దాని ముందు నడుస్తూ "మెట్టు ఉండాది, నిదానం" అని చెప్పేది. ఒక వానాకాలం అది పోతే, టమోటా చేని గట్టున పాతిపెట్టాం. అవ్వ ఇంకో కుక్కను ఇంట్లోకి రానివ్వలేదు.

మొన్న మదనపల్లి వెళ్ళాను. కుక్కపిల్లలమ్మే కొట్లో అన్నీ కొత్త కొత్త జాతులు. పామెరేనియన్‌ను ఇప్పుడు అడిగేవాళ్ళే లేరట. ఆ పక్క వీధిలో ఒక తెల్ల కుక్క కనిపించింది... ఒళ్ళంతా మట్టి, మెడలో ఇంకా ఎవరో కట్టిన పట్టీ. దారినపోయే ప్రతి మనిషి వెంటా కొంతదూరం నడిచి, మొహం చూసి, ఆగిపోతోంది. నా వెంట కూడా అలాగే వచ్చింది... ఆగిపోయింది.

అప్పట్లో ఆ జాతి పేరు కూడా మాకు సరిగ్గా పలకడం రాదు. ఇప్పుడు అన్ని జాతుల పేర్లూ, ధరలూ అందరికీ తెలుసు... సాకడమే మరిచిపోయినట్టున్నాం.

మీ ఇంట్లోనూ ఎవరో వదిలి వెళ్ళిన మూగప్రాణి పెరిగిందా? దాని పేరు ఇక్కడ రాయండి... వాటిని ఇంకా గుర్తుపెట్టుకున్నది మనమే కదా.